ఎలుకల గది పరుశురాం

పరుశురాం పదకొండేళ్లు ఎలుకలను చూసుకున్నాడు. యూనివర్సిటీ క్యాంపస్‌లో జీవశాస్త్ర విభాగం వెనక, ప్రయోగాల జంతువులను పెంచే గదుల్లో కాంట్రాక్టు అటెండరు. బోనులు కడగడం, పొట్టు మార్చడం, దాణా, నీళ్లు, ఇంతవరకే కాగితం మీదున్న పని. చివరి నాలుగేళ్లలో కాగితం మీద లేని పని ఇంకొకటి వచ్చింది. వెన్నుపాము దెబ్బతింటే అందులో కొత్త కణాలు పెట్టి బాగుచేయవచ్చా అని సుప్రియ అనే పరిశోధకురాలు ఎలుకల మీద చూస్తోంది. అది చూడాలంటే ముందు వెన్నుపాము దెబ్బతినాలి.

ఎలుకకు మత్తిచ్చి, వీపు కోసి, గోరంత ఎముక తీసేస్తారు. లోపల తెల్లటి నరాల తాడు కనిపిస్తుంది. దాని మీదికి సన్నని కడ్డీ ఒకటి వదులుతారు. దాని బరువు పది గ్రాములే. అది పడిన చప్పుడు కూడా సరిగ్గా వినిపించదు. వెనక కాళ్లు ఒక్కసారి తన్నుకుని ఆగిపోతాయి. మొదటి రోజు పరుశురాం బయటికి వెళ్లి గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాడు. రెండో రోజు నుంచి అతనే ఎలుకలను పట్టుకుని నిలబడ్డాడు.

వెన్ను విరిగిన ఎలుకకు మూత్రం దానంతటది రాదు. పొద్దున, సాయంత్రం పొట్ట కింద బొటనవేలితో ఒత్తి తీయాలి. గట్టిగా ఒత్తితే సంచి పగిలి చస్తుంది, తీయకపోయినా చస్తుంది. పిహెచ్‌డీ పిల్లల చేతుల్లో చాలా చచ్చాయి. పరుశురాం చేతిలో తక్కువ. స్పర్శ లేని కాళ్లను కొన్ని ఎలుకలు తామే కొరుక్కు తినేవి. పొద్దున్నే బోను తీస్తే పొట్టు ఎర్రగా ఉండేది.

దెబ్బ తగిలిన తొమ్మిదో రోజున, ముక్కు లోపలి పొర నుంచి తీసి పెంచిన కణాలను సూదితో గాయంలోకి ఎక్కించేవారు. సగం ఎలుకలకు కణాలు, సగానికి ఉత్త నీళ్లలాంటి మందు. దేనికి ఏదిచ్చారో లెక్కలు తేలేదాకా ఎవరికీ చెప్పరు. రెండు నెలల తర్వాత ప్లాస్టిక్ తొట్టిలో వదిలి, నడుస్తాయేమో చూసేవారు. కొన్ని చీలమండ కదిపేవి. ఒకటీ అరా నాలుగడుగులు వేసేవి. ఎక్కువ వాటికి ఏమీ అయ్యేది కాదు. ఆఖరికి నడిచినదాన్నీ నడవనిదాన్నీ ఒకేలా చంపి, వెన్నుపాము తీసి కోసి చూసేవారు. ఆ రోజుల్లో పరుశురాం ఇంట్లో మాంసం తినేవాడు కాదు.

అతనిది జనగామ వైపు ఊరు. భార్య శైలజ క్యాంపస్ వెనక బస్తీలోనే బట్టలు కుట్టేది. పిల్లలు లేరు. చెల్లెలు నిరోషకు తనే సంబంధం చూసి పెళ్లి చేశాడు. ఆమె భర్త దిలీప్ హబ్సిగూడలో ఒక జిమ్‌లో ట్రైనరు. తార్నాకలో మెట్రో వెనక సందులో, రెండో అంతస్తులో కాపురం. దిలీప్ కొడతాడని పెళ్లైన ఏడాదికే తెలిసింది. పరుశురాం రెండుసార్లు వెళ్లి మాట్లాడి వచ్చాడు. రెండుసార్లూ దిలీప్ తప్పయిందని చాయ్ తాగించి పంపాడు.

జూన్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం, అన్నం ముందు కూర్చున్నప్పుడు నిరోష ఫోన్ చేసింది. "అన్నా, రా" అని మాత్రం అన్నది. వెనక ఏదో పగిలిన చప్పుడు. పరుశురాం చెయ్యి కూడా కడుక్కోకుండా బండి తీశాడు.

తలుపు దిలీపే తీశాడు. లోపల వంటగదిలో, గ్యాస్ బండకూ గోడకూ మధ్య నిరోష ముడుచుకుని కూర్చుంది. కమ్మ పట్టి లాగడంతో చెవితమ్మె రెండుగా చీలింది. నెత్తురు మెడ మీదుగా జాకెట్లోకి దిగింది. గొడవ దేని గురించని తర్వాత పోలీసులు అడిగితే ఆమెకు గుర్తు రాలేదు.

పరుశురాం దిలీప్‌తో ఒక్క మాట మాట్లాడలేదు. చెల్లెలిని లేపి, చెప్పులేసుకోమన్నాడు. దిలీప్ పక్కకు జరిగి దారి కూడా ఇచ్చాడు. నిరోష ముందు, పరుశురాం వెనక మెట్లు దిగుతుంటే, దిలీప్ మంచం కిందినుంచి బరువులెత్తే ఇనుప కడ్డీ తీసుకుని వచ్చాడు.

మొదటి దెబ్బ వీపు నడిమధ్యన పడింది. పరుశురాం మెట్ల మీద నుంచి దొర్లి మలుపు దగ్గర గోడకు కొట్టుకుని ఆగాడు. దిలీప్ తీరిగ్గా దిగివచ్చి అక్కడే ఇంకొకటి వేశాడు. మూడోది తల మీదికి వస్తుంటే నిరోష చెయ్యి అడ్డం పెట్టింది. ఆమె రెండు వేళ్లు నుజ్జయ్యాయి. ఆమె అరుపుకు కింది వాటావాళ్లు వచ్చారు.

పరుశురాంకు నొప్పి వీపు వరకే తెలిసింది. కళ్లు తెరిస్తే పై మెట్టు మీద వంకరగా పడి ఉన్న కాలు ఒకటి కనిపించింది. ఎవరిదా అనుకున్నాడు. తర్వాత ప్యాంటు చూసి అది తనదేనని గుర్తుపట్టాడు. ఇంకెవరూ ఏమీ చెప్పకముందే అతనికి అంతా అర్థమైంది.

ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీలో కుర్ర డాక్టరు బీపీ చూస్తుంటే పరుశురాం అతని చొక్కా పట్టుకున్నాడు.

"సార్, ముందు మూత్రం పైపు ఏయుండ్రి. నాకు తెలుస్తలేదు గని నిండుతుంటది. ఆగితే పగుల్తది."

నీకెలా తెలుసని డాక్టరు అడిగాడు.

"ఎలుకలకు రోజు నేనే తీస్త సార్."

వీపులో పదో వెన్నుపూస పిండైంది. ఎముక ముక్కలు వెన్నుపాములోకి దిగాయి. స్క్రూలు, కడ్డీలు బిగించి నిలబెట్టారు గాని నడుము కింద ఏదీ తిరిగి రాలేదు. పక్క మంచాలవాళ్లు రోజూ నడుస్తానా అని డాక్టర్లను అడిగేవారు. పరుశురాం ఒక్కసారి కూడా అడగలేదు. సుప్రియ చూడటానికి వచ్చినప్పుడు మాత్రం ఆమె కళ్లలోకి చూసి, "మేడం, ఇయ్యాల తొమ్మిదో రోజు" అన్నాడు.

ఆమె మంచం చువ్వ పట్టుకుంది. మనుషుల దాకా ఇంకా రాలేదని, అక్కడక్కడా పరీక్షలు జరుగుతున్నాయి తప్ప ఇది వైద్యమని చెప్పే ధైర్యం తనకు లేదని మెల్లగా చెప్పింది. పరుశురాం తల ఊపి గోడ వైపు తిరిగాడు.

దిలీప్ మీద హత్యాయత్నం కేసు పెట్టారు. రెండు నెలలు జైల్లో ఉండి బెయిలు మీద వచ్చాడు. నిరోష అన్న ఇంటికే వచ్చేసింది.

ఒంటిగది ఇల్లు. పరుశురాం కాళ్లకు స్పర్శ లేదు గాని అవి ఊరుకునేవి కావు. ఉన్నట్టుండి బిగుసుకుపోయి వాటంతటవే తన్నేవి. ఒకసారి పక్క మార్చబోయిన శైలజ ఛాతీలో అలాగే తన్ను పడి, ఆమె వెనక్కి పడిపోయింది. ఎప్పుడూ పడుకునే ఉండడంతో అతని పిరుదు మీద పుండు పడి ఎముక దాకా తిన్నది. కట్టు విప్పినప్పుడల్లా వాసనకు నిరోష ముక్కుకు కొంగు కట్టుకునేది. పరుశురాంకు ఆ పుండు తెలిసేది కాదు, వాళ్ల ముఖాలు కనిపించేవి. అదే భరించలేకపోయేవాడు.

ఒకరోజు పైపు పెట్టడంలో శైలజ ఆలస్యం చేసింది. పక్క తడిసింది. ఆమె వంగి దుప్పటి లాగుతుంటే, పరుశురాం చేతికందిన స్టీలు చెంబుతో ముఖం మీద కొట్టాడు. కనుబొమ చీలింది. చెంబు గోడకు తగిలి దొర్లింది. శైలజ ఏడవలేదు. నెత్తురు కారుతుండగానే దుప్పటి మార్చి, అతన్ని తుడిచి, బయటికెళ్లి పొద్దుగుంకే దాకా గడప అవతల కూర్చుంది. తర్వాత లోపలికి వచ్చింది.

"ఇంకోసారి చెయ్యి లేసిందనుకో, నిన్నూ మీ చెల్లె మొగన్నీ పక్కపక్కన నిలవెట్టి చూస్త" అన్నది.

మళ్లీ చెయ్యి లేవలేదు. నోరు మాత్రం చాలా రోజులు ఆగలేదు.

దెబ్బ తగిలిన ఎనిమిదో నెలలో దిలీప్ అన్న సాకేత్ పండ్లు పట్టుకుని వచ్చాడు. మెత్తటి మనిషి. తమ్ముడు చేసింది పాపమే అన్నాడు. నగరం ఆ చివర ఒక క్లినిక్ ఉందట. తుంటి ఎముకలోంచి మూలుగు తీసి, అందులోని మూలకణాలను నడుములోంచి ఎక్కిస్తారట. మూడు విడతలు. మొత్తం తామే భరిస్తారట. బదులుగా కోర్టులో పరుశురాం మెట్ల మీద జారిపడ్డాడని అన్నాచెల్లెళ్లిద్దరూ చెప్పాలి. నిరోష కాపురానికి వెళ్లాలి. విడిగా ఉంటే జడ్జి నమ్మడు కదా అని సాకేత్ నెమ్మదిగా వివరించాడు.

శైలజ అతన్ని గిన్నె విసిరి వెళ్లగొట్టేదే. పరుశురాం ఆగమన్నాడు. ఒకసారి చూసొస్తానన్నాడు.

క్లినిక్‌లో డాక్టరు వీడియో చూపించాడు. అందులో ఒకతను ఊతకర్రలతో లేచి నడిచాడు. పరుశురాం రెండుసార్లు చూసి అడిగాడు. "సార్, కణాలు ఇయ్యకుండ ఉత్త సూది ఇచ్చినోళ్లు ఎంతమంది?"

"మేం వైద్యం చేస్తున్నామండీ. ఉత్త సూది ఎందుకిస్తాం?"

"మరి ఇతను కణాలతోనే నడిచిండని ఎట్ల తెల్సింది?"

డాక్టరు సాకేత్ వైపు చూశాడు. నమ్మకం ఉంటేనే మందు పనిచేస్తుందన్నాడు.

అక్కడితో పరుశురాంకు తెలియవలసింది తెలిసిపోయింది. కాని బయటికి వస్తుంటే పక్క గదిలో ఒక మనిషి కనిపించాడు. రెండు కమ్మీల మధ్య, కాళ్లకు ఊతనిచ్చే ఇనుప పట్టీలు బిగించుకుని నిలబడి, కిటికీలోంచి రోడ్డు చూస్తున్నాడు. ఎనిమిది నెలలుగా పరుశురాం అందరి ముఖాలనూ కిందినుంచే చూస్తున్నాడు.

సంగతి తెలిసి సుప్రియ ఆటోలో పరుగెత్తుకొచ్చింది. పరీక్షల్లో భాగంగా తప్ప ఇలా కణాలు ఎక్కించడానికి మన దేశంలో అనుమతి లేదని, నిజమైన పరీక్ష అయితే రోగి దగ్గర ఏమీ తీసుకోరని చెప్పింది. జ్వరం రావచ్చు, నొప్పి పెరగవచ్చు అన్నది. "మీరు కళ్లారా చూశారు కదా పరుశురాం గారూ. నాకంటే ఎక్కువ చూశారు."

"చూసిన మేడం," అన్నాడు. "రెండు నడిచినయి గదా."

ఆమె వెళ్లిపోయాక నిరోష మంచం దగ్గరికి వచ్చి, నుజ్జయి అతుక్కున్న వేళ్లతో అన్న దుప్పటి సర్దింది. "నేను పోతనే. నువ్వు నడువు" అన్నది. వద్దనడానికి పరుశురాంకు చాలా సమయం దొరికింది. రెండు రోజులు దొరికింది. అనలేదు. మూడో రోజు సాకేత్ కారు పంపితే ఆమె బ్యాగు తీసుకుని ఎక్కింది. శైలజ ఆ రోజు పొయ్యి వెలిగించలేదు.

మొదటి విడత అయిపోయింది. తుంటిలో లావుపాటి సూది దింపి మూలుగు లాగారు. అది తెలియలేదు. సాయంత్రానికి నడుములో సూది గుచ్చి ఎక్కించారు. రెండో రోజుకు జ్వరం పట్టుకుంది. ఐదు రోజులు తల పగిలిపోతున్నట్టు అరిచాడు. జ్వరం తగ్గాక, ఏమీ తెలియని కాళ్లలో మంట మొదలైంది. ఎవరో కాగుతున్న నూనె పోస్తున్నట్టుండేది. చేత్తో తాకితే తాకినట్టు తెలియదు, మంట మాత్రం తెలుస్తుంది. ఆ మంట కణాలు పనిచేస్తున్న గుర్తేనని క్లినిక్ వాళ్లు ఫోన్లో చెప్పారు. పరుశురాం నమ్మాలనుకున్నాడు. రోజంతా దుప్పటి తీసి కుడికాలి బొటనవేలినే చూస్తూ పడుకునేవాడు. అది కదల్లేదు.

కాపురానికి వెళ్లిన పందొమ్మిదో రోజు పొద్దున ఆటో దిగి నిరోష లోపలికి వచ్చింది. కింది దవడ ఒక పక్కకు జరిగిపోయింది. ముఖం గుర్తుపట్టేలా లేదు. నోరు తెరవలేకపోయింది. ముందరి పళ్లు మూడు చేతి రుమాల్లో మూట కట్టుకుని తెచ్చింది, డాక్టరుకు చూపిస్తే అతుకుతాయేమోనని. శైలజ ఆమెను కూర్చోబెట్టి నీళ్లు పట్టబోతే తోసేసి, కాగితం అడిగి రాసింది. అన్నా, కాలు కదిలిందా అని.

పరుశురాం చదివి, తల అడ్డంగా ఊపాడు. అప్పుడు నిరోష శబ్దం లేకుండా ఏడ్చింది. పరుశురాం దుప్పటి నోట్లో కుక్కుకున్నాడు. కాసేపటికి శైలజతో లాయరుకు ఫోన్ చేయమన్నాడు. జరిగింది జరిగినట్టే చెప్తామని, రెండో విడతకు రానని సాకేత్‌కు కూడా తనే ఫోన్ చేసి చెప్పాడు.

నిరోష దవడకు తీగలు బిగించారు. కోర్టులో సాక్ష్యం ఇంకో నాలుగు రోజులుందనగా, పట్టపగలు దిలీప్ బస్తీకి వచ్చాడు. శైలజ నల్లా దగ్గరుంది. ఇంట్లో అన్నాచెల్లెళ్లే ఉన్నారు. దిలీప్ తలుపు మూసి, మంచం మీదున్నవాణ్ని చూడనైనా చూడకుండా నేరుగా నిరోష జుట్టు పట్టుకున్నాడు. తల గోడకు ఒకసారి కొట్టాడు. తీగలు బిగించిన నోటితో ఆమె అరవలేకపోయింది.

పరుశురాం మంచం మీద నుంచి తనను తాను కిందికి విసిరేసుకున్నాడు. ముఖం నేలకు కొట్టుకుని ముక్కు పగిలింది. మోచేతుల మీద పాకుతూ వెళ్లి దిలీప్ కాలు రెండు చేతులా వాటేసుకుని, పిక్కలో పళ్లు దించాడు. దిలీప్ కేక వేసి నిరోషను వదిలాడు. పిడికిళ్లతో పరుశురాం తల మీద గుద్దాడు. వదలకపోతే, రెండో కాలితో అతని తొడ మీద ఎగిరి తొక్కాడు. ఎముక విరిగిన చప్పుడు గదిలో ముగ్గురికీ వినిపించింది.

దిలీప్ ఒక్క క్షణం ఆగాడు. కిందివాడు అరవలేదు. పళ్లు తీసి, నెత్తురు నోటితో తల ఎత్తి చూశాడు.

"తొక్కు బావా. ఆడ నాకేం లేదు. నువ్వే తీసినవ్."

మళ్లీ పళ్లు దించాడు. దిలీప్ ఇంకా రెండుసార్లు తొక్కాడు. ఈలోగా నిరోష గ్యాస్ మీద ఉడుకుతున్న పప్పు గిన్నె పట్టకారుతో ఎత్తి అతని వీపు మీద కుమ్మరించింది. చర్మం ఊడింది. తలుపు బద్దలుకొట్టి బస్తీవాళ్లు లోపలికి వచ్చేసరికి ముగ్గురూ నేల మీదే ఉన్నారు. వాళ్లు దిలీప్‌ను బయటికి లాగి కొట్టారు. పోలీసులు వచ్చి ఆపకపోతే చచ్చేవాడే. పరుశురాం దవడలు విడిపించడానికి శైలజకు చాలా సేపు పట్టింది.

బెయిలు రద్దయింది. సాక్ష్యం రెండు నెలలు వాయిదా పడింది. తొడకు కట్టుతో, స్ట్రెచర్ మీదే పరుశురాం కోర్టుకు వెళ్లాడు. నిరోష నత్తినత్తిగా అయినా మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా అంతా చెప్పింది. దిలీప్ లాయరు, అంత కొట్టేవాడైతే మళ్లీ కాపురానికి ఎందుకు పోయిందని ఆమెను అడిగాడు. ఆమె తల దించుకుంది. తన వంతు వచ్చినప్పుడు పరుశురాం ఎవరూ అడగకుండానే దానికి జవాబు చెప్పాడు.

"నేనే పంపిన సార్. కాళ్లస్తయని సూదులు ఏపిస్తమన్నరు. రావని నాకు తెల్సు. తెల్సి గూడ పంపిన. గా మాట గూడ రాసుకోండ్రి."

జడ్జి రాయించాడు. దిలీప్‌కు పదేళ్లు పడింది. సుప్రియ క్లినిక్ మీద ఫిర్యాదు చేసింది. అది కొన్నాళ్లు మూతబడి, వేరే పేటలో వేరే పేరుతో తెరుచుకుందని విన్నారు. ఆమె ఎలుకల పరిశోధన కూడా ముగిసింది. కణాలు పెట్టినవాటిలో కొన్నింటికి కొద్దిగా మేలు జరిగింది, ఎక్కువ వాటికి తేడా లేదు. ఆ ఫలితం చెప్పడానికి ఆమె ఇంటికి వస్తే పరుశురాం పూర్తిగా విన్నాడు. మనుషులకు ఎప్పుడొస్తుందని అడిగాడు. తెలియదన్నది. ఇప్పటికీ కనిపించినప్పుడల్లా అడుగుతాడు, ఆమె తెలియదనే అంటుంది.

ఇప్పుడు పరుశురాం చక్రాల కుర్చీలో తనంతట తాను తిరుగుతాడు. తొడ ఎముక వంకరగా అతికింది. మంట పోలేదు. వారానికి రెండు రోజులు ప్రభుత్వాసుపత్రి వార్డుకు వెళ్లి, కొత్తగా నడుము విరిగినవాళ్లకూ వాళ్ల ఇంటివాళ్లకూ పైపు పెట్టుకోవడం, పుండ్లు పడకుండా చూసుకోవడం నేర్పిస్తాడు. కణాల సూది గురించి అడిగితే తన తుంటి మీద మచ్చ చూపిస్తాడు. శైలజ కనుబొమ మీద గీత అలాగే ఉంది. దాని గురించి అతను ఒకసారి ఏదో చెప్పబోతే, "చెప్పకు, నాకు గుర్తున్నది" అన్నదామె.

నిరోష లేడీస్ హాస్టల్ మెస్సులో పని చేస్తోంది. మధ్యాహ్నం డ్యూటీ అయ్యాక అన్న దగ్గరికి వస్తుంది. ఆ పందొమ్మిది రోజుల సంగతి ఇద్దరూ ఎత్తరు. ఒక్కసారి మాత్రం పరుశురాం ఎత్తాడు. తను పంపకుండా ఉండాల్సిందన్నాడు. నిరోష దవడ నొప్పికి ఒక పక్కనే నములుతున్న ముద్ద మింగింది.

"అవును" అన్నది. తర్వాత అతని కంచంలో ఇంకొంచెం కూర వేసింది.